కొళాయి దగ్గరే తీర్మానం

అశ్విని కార్తె, చివరి సోమవారం

ఈ రోజు నుంచి మా నాలుగో వరుస ఇళ్ళ దినచర్య పుస్తకం రాయాల్సింది నేనట. నిన్నటి సమావేశానికి నేను వెళ్ళలేదు. రానివాళ్ళ నెత్తిన పని పెట్టడం మా వరుసలో తాతల నాటి ఆచారం కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేను. నా పేరు ఓబుళమ్మ. వయసు యాభై దాటింది. నోరు మంచిది కాదని అందరూ అంటారు, అందులో అబద్ధమేమీ లేదు.

సంగతేమిటంటే, యోచన వెళ్ళిపోయింది. మా ఎర్రమిట్ట మీద ఎవరి ఇల్లు ఎక్కడుండాలో, గోడ ఎంత మందం ఉండాలో, కిటికీ ఎటు తెరుచుకోవాలో అన్నీ చెప్పే యంత్రం పేరు యోచన. నేను పుట్టక ముందు నుంచీ దాని మాటే చట్టం. ఇప్పుడు జిల్లా వాళ్ళు దాన్ని ఆపేశారు. ఇకమీద ఇళ్ళూ జాగాలూ ఏ వరుసకు ఆ వరుసే తేల్చుకోవాలి, వరుస మాటే చివరి మాట అన్నారు. నిన్న అందరూ చప్పట్లు కొట్టారట. నాకు మాత్రం దిగులుగా ఉంది. ఇన్నాళ్ళూ కిటికీ తప్పువైపు వస్తే తిట్టుకోవడానికి ఒకటుండేది. ఇకమీద ఎవర్ని తిట్టుకోవాలి?

యోచన పోతూ పోతూ రెండు వస్తువులు మాకు వదిలిపోయింది. ఒకటి కుమ్మరిపురుగు, అంటే మట్టీ జిగురూ కలిపి పొర మీద పొర వేస్తూ గోడ లేపే యంత్రం. రెండోది చెవిపెట్టె. ఇంటికొకరు దాని ముందు మాట చెప్పాలి. అందరి మాటా అందాక కుమ్మరిపురుగు కదులుతుంది.

మా ముందున్న మొదటి పని వీరవేణి ఇల్లు. ఆమె, ఆమె మొగుడు సత్తిబాబు గోదావరి కింద సముద్రం మింగేసిన ఊళ్ళ నుంచి చలికాలంలో వచ్చారు. వాళ్ళని మా వరుస చివర రేకుల కొట్టులో దించారు. వరుస నిండిపోయిందని చెప్పి యోచన రెండుసార్లు వాళ్ళకు ఇల్లు కాదంది. ఇప్పుడు వీరవేణికి ఏడో నెల. రోహిణిలో రోళ్ళు పగులుతాయన్నది మా అవ్వల కాలంలో సామెత. ఇప్పుడు నిజంగానే పగులుతాయి, కిందటేడు మద్దిలేటి వాళ్ళ రోలు నా కళ్ళముందే రెండు చెక్కలైంది. ఆ ఎండలో రేకుల కింద మనిషి మిగలదు. రోహిణి వచ్చేలోపు ఇల్లు లేస్తే సరి, లేకపోతే జిల్లా వాళ్ళు వాళ్ళిద్దరినీ సొరంగం శిబిరానికి తరలిస్తారు. శిబిరంలో మంచానికి ముగ్గురు. పురుడు పోయడానికి మనిషి లేదు.

భరణి కార్తె, మంగళవారం

సమావేశం జరిగింది. ఈసారి వెళ్ళాను, వెళ్ళకపోతే ఇంకేం అంటగడతారో అని.

జంపఖానా పరిచారు, మజ్జిగ పోశారు. వీరవేణిని పెద్దమనిషిలా మధ్యలో కుర్చీలో కూర్చోబెట్టారు. చెవిపెట్టెను బల్ల మీద పెట్టి, ఆమె ఇల్లు ఎక్కడ కట్టాలో చెప్పమన్నారు.

ముందు మా పక్కింటి నాగలింగప్ప లేచాడు. "మా ముందర గోడ పక్కనే కట్టండప్పా. మాకేమన్నా అడ్డమా?"

హనుమక్క ఊరుకుంటుందా? "మా ఇంటి ముందర ఇంత జాగా ఉండాది. ఆడే కట్టుకోనీ, నాకూ తోడుంటాది."

"ఆయమ్మ నాకు చెల్లెలు లెక్క. మా వాకిట్లో కట్టల్ల, ఇంగో మాట లేదు," అన్నాడు మద్దిలేటి, గుండె మీద చెయ్యి వేసుకుని మరీ.

అలా ఒకరి తర్వాత ఒకరు వరుసంతా వాకిళ్ళు దానం చేసేశారు. నా వంతు వచ్చింది. "నా వాకిలి మాత్రం పరాయిదా? ఆడ కట్టినా సంతోషమే," అన్నాను. ఎంత ధారాళంగా అన్నానో నాకే ఆశ్చర్యం.

వీరవేణి కళ్ళు తుడుచుకుంది. "ఆయ్, మీరంతా ఎంత మంచోళ్ళండీ!"

ఇక్కడ ఒక మాట రాయాలి. ఎదుటి మనిషికి మొహం మీద కాదని చెప్పడం మా వరుసలో దొంగతనం కంటే పెద్ద తప్పు. "చూద్దాంలే" అంటే కుదరదని. "అట్లే కానీ" అంటే రేపటికి మరచిపోతామని. "మా ఇల్లు మీ ఇల్లు కాదా" అంటే మజ్జిగ తాగి బయలుదేరమని. ఎవరి వాకిలి వాళ్ళు ఇచ్చేస్తూ, పక్కవాడి వాకిలే ఖాయమవుతుందని అందరమూ ధీమాగా ఉన్నాం. ఈ మర్యాదలన్నీ మాకు ఉగ్గుపాలతో వచ్చాయి. చెవిపెట్టెకు రాలేదు.

భరణి కార్తె, బుధవారం

పొద్దున తలుపు తీసి అడుగు బయట పెట్టగానే మోకాలికి ఏదో కొట్టుకుంది. చూస్తే, నా గడప ముందు ఎర్రగా, నున్నగా, మోకాలెత్తు పునాది.

నాగలింగప్ప ముందర గోడ పక్కన ఇంకోటి. హనుమక్క ఇంటి ముందర ఇంకోటి. మద్దిలేటి తన వాకిలి దాటలేక గోడ పట్టుకుని పక్కకు జరుగుతూ బయటికొస్తున్నాడు. వరుస పొడుగునా ఇంటికొక పునాది లేచింది. కుమ్మరిపురుగు చివరి ఇంటి దగ్గర గుర్రుగుర్రుమంటూ ఇంకా పోస్తూనే ఉంది. పరిగెత్తుకెళ్ళి ఆపాను. అప్పటికే జిగురు సగం అయిపోయింది. జిల్లా మాకు ఇచ్చేది ఏడాదికి ఒక ఇంటికి సరిపడా జిగురే.

చెవిపెట్టెను నిలదీశాను. "అందరూ జాగా ఇచ్చారు. అందరి మాటా సమానం," అంది అది, ఏ తప్పూ ఎరగని గొంతుతో.

"పగలగొట్టి జిగురు తీసుకోలేమా?" అని సత్తిబాబు మెల్లగా అడిగాడు. గట్టిపడ్డ జిగురు గొడ్డలికి కూడా లొంగదు. ఆ సంగతి అతనికీ తెలుసు, అయినా పాపం ఒక పునాదిని చేత్తో తట్టి చూశాడు.

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. మాది గడప కూడా దాటకుండా అక్కడే కూర్చుంది. తిలా పాపం తలా పిడికెడు. ఎవర్ని తిట్టాలో తెలియక నాగలింగప్ప కుమ్మరిపురుగును కాలితో తన్ని బొటనవేలు వాయగొట్టుకున్నాడు.

కృత్తిక కార్తె, మొదటి ఆదివారం

ఇంకో రెండు సమావేశాలయ్యాయి. రాయడానికి ఏమీ లేదు, మజ్జిగ మాత్రం పుల్లగా ఉంది.

ఉన్న సగం జిగురుతో ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కట్టాలి. ఎక్కడ అంటే "మీరెట్లంటే అట్ల" అంటారు. మీరు చెప్పండి అంటే "పెద్దోళ్ళు మీరుండగా మేమెంత" అంటారు. హనుమక్క తన వాకిట్లో వాస్తు కుదరదని ఎవరో చెప్పారంది. ఎవరు చెప్పారో చెప్పలేదు. మద్దిలేటికి ఎన్నడూ లేని తమ్ముడొకడు పుట్టుకొచ్చాడు, వాకిలి వాడికి మాట ఇచ్చేశాడట. చెల్లెలు లెక్క అన్న నోటితోనే.

ఇదంతా వింటూ కూర్చున్న వీరవేణి చివర్లో లేచింది. "పర్లేదండి. మీరు ఇబ్బంది పడొద్దండి. మేం శిబిరానికి వెళ్ళిపోతామండి. అదీ బానే ఉంటుందంట."

"అయ్యో, అదేం మాట!" అని అందరూ అన్నారు. తర్వాత లేచి ఇళ్ళకు వెళ్ళారు.

మధ్యాహ్నం ఆమెకు రాగిసంకటి పట్టుకెళ్ళాను. కొట్టు లోపల రేకుల కింద తడి గోనెసంచులు కట్టుకున్నారు. వేసిన గడియకే అవి అప్పడాల్లా ఎండిపోతున్నాయి. ఆమె పాదాలు బాగా వాచి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది, కూర్చోమన్నా వినదు. "మీకెందుకండీ శ్రమ," అంటూనే గోడ పట్టుకుంది. ఇంకా రోహిణి రాలేదు, కృత్తికకే ఇలా ఉంది. నాకు భయం వేసింది. ఇంటికి వచ్చాక కూడా ఆ భయం పోలేదు. ఈ పిల్లకు ఏమన్నా అయితే అది మా మంచితనం వల్లే అవుతుంది.

కృత్తిక కార్తె, శుక్రవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను, నా సంగతితో సహా.

తెల్లవారుజామున కొళాయికి నీళ్ళొస్తాయి. బిందెల వరుస ఎప్పటిలాగే పెద్దది. నేను కాస్త ఆలస్యంగా వెళ్ళి, నా ముందున్న బిందెను కాలితో వెనక్కి నెట్టి నాది పెట్టాను. అది వీరవేణి బిందె. చూసే నెట్టాను. కొళాయి దగ్గర అందరమూ అందరి బిందెలూ నెడతాం, అది మా పద్ధతి. ఇన్నాళ్ళూ ఆమె "మీరే పట్టుకోండి" అని తప్పుకునేది.

ఇవాళ తప్పుకోలేదు. నా బిందె తీసి రోడ్డు మీదకు విసిరింది. అది దొర్లుకుంటూ పోయి మద్దిలేటి కాళ్ళకు తగిలింది.

"ఏవండీ! నా బిందె జరపడానికి మీరెవరండీ? కడుపుతో ఉన్నదాన్ని, చీకటితో వచ్చి నిలబడ్డానండి! మీ వరుసలో మాటలకేం కరువు లేదండి. ఇంటి ముందర ఇల్లిస్తామంటారు, బిందె ముందర బిందె పెట్టనివ్వరు! ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. వెళ్ళిపోతాం. అంతేగానీ ఈ దొంగ నవ్వులేంటండీ?"

కొళాయి నీళ్ళు పారుతూనే ఉన్నాయి, ఎవరూ బిందె పెట్టలేదు. ముందుగా హనుమక్క నవ్వింది. పడీపడీ నవ్వింది.

"ఇప్పుడు మా వరుస మనిషివైతివి సూడు! నేనూ చెప్తా ఇను. మా వాకిట్లో వాస్తూ లేదు, వంకాయా లేదు. వడియాలు ఎండబెట్టుకుంటా ఆడ. నీ ఇల్లొస్తే నీడ పడతాది. అందుకే వద్దు."

"నాకు తమ్ముడు లేడు," అన్నాడు మద్దిలేటి.

"అది అందరికీ తెల్సులేప్పా," అన్నాం అందరమూ.

నాగలింగప్ప గొంతు సవరించుకున్నాడు. "ఎండు చేపల వాసన నాకు పడదు తల్లీ. కడుపులో తిప్పుతాది. మా గోడకాడ నీ పొయ్యి వద్దు. ఇల్లుంటే ఉండనీ, పొయ్యి వద్దు."

"ఆ ముక్క మొదట్లోనే చెప్తే మీ సొమ్మేం పోయేదండీ?" వీరవేణి నడుం మీద చేతులు పెట్టుకుంది. "చేపలు వండడం మానను. పొయ్యి కావాలంటే అటు తిప్పుకుంటాను. అది కూడా చేసుకోలేనా నేను?"

అప్పుడు నాకు బుర్ర వెలిగింది. జంపఖానా మీద మేము దేవతలం, నిజం ఒక్కటీ చెప్పం. కొళాయి దగ్గర అత్తాకోడళ్ళకే మొహమాటం ఉండదు. పరుగున ఇంటికి పోయి, దినచర్యతో పాటు నా దగ్గరే ఉంచిన చెవిపెట్టెను చంకలో పెట్టుకొచ్చి కొళాయి దిమ్మె మీద పెట్టాను.

"ఇప్పుడు రాసుకో."

"ఇవి అభ్యంతరాలు," అంది పెట్టె.

"అవే రాసుకోమంటాండా!"

ఇంక ఎవరూ ఆగలేదు. ఉన్నది రెండు గోడల జిగురే అని ఒకరంటే, రెండు గోడలు ముందే ఉన్నచోట కడితే సరిపోతుంది కదా అని హనుమక్క అంది. అలాంటి చోటు వరుసలో ఒక్కటే ఉంది. మా ఇళ్ళన్నీ గోడకు గోడ అంటుకుని ఉంటాయి, నా ఇంటికీ నాగలింగప్ప ఇంటికీ మధ్య మాత్రం యోచన ఒక సందు వదిలింది. ఎందుకు వదిలిందని పెట్టెను అడిగితే, ఆ నియమం ఉంది గానీ కారణం తన దగ్గర లేదంది.

అందరూ నావైపు చూశారు.

"నేనియ్యను," అన్నాను. జంపఖానా మీదైతే ఇచ్చేసేదాన్ని. "వరుస మొత్తానికి గాలి తగిలేది ఆ సందొక్కటే. పొద్దుగూకినాక ఆడ మంచమేసుకుంటేనే నాకు ప్రాణం లేచొచ్చేది. మొగుడు పోయినప్పటి నుంచి నాకుండే సుఖం అదొకటే. దాన్ని కూడా ఇయ్యమంటే ఎట్ల?" అంటుండగానే ఏడుపొచ్చేసింది. నలుగురిలో అలా అవడం నాకు సిగ్గే.

వీరవేణి నన్ను బతిమాలలేదు. దగ్గరకొచ్చి నిలబడింది. "మీకు గాలి కావాలండి. నాకు గోడ కావాలి. రెండూ కుదిరే దారి లేదంటారా?"

ఆమె వెనకే నిలబడ్డ సత్తిబాబు అన్నాడు, కొత్త ఇల్లు మా ఇళ్ళకంటే కాస్త పొట్టిగా కట్టుకుంటామని, దాని మిద్దెకు నా వైపు నుంచి మెట్లు పెడితే నా మంచం పైన వేసుకోవచ్చని. పైన గాలి ఇంకా బాగుంటుంది. ఆ మాట నాకు ముందే ఎందుకు తట్టలేదో!

"మిద్దె మంచం నాదే గదా? మాట మార్చకూడదు."

"మీదేనండి. కానీ పైన దబదబా నడవకూడదండి, మట్టి రాలుద్ది."

"పొయ్యి?" అన్నాడు నాగలింగప్ప.

"నా గోడకు పెట్టుకోనీ," అన్నాను. ఎండు చేపల కూర నాకు ఇష్టమే. చిన్నప్పటి నుంచీ ఇష్టమే, ఎవరికీ చెప్పలేదంతే.

"ఇంతవరకూ బాగనే ఉంది. గట్టు మీద నుంచొచ్చే వాన నీళ్ళు యాడికి పోవల్ల? ఆ సందులోనే గదా పోయేది," అన్నాడు మద్దిలేటి. యోచన మరచిపోయిన కారణం అదేనేమో. నేల కింద తూము పెట్టాలని తేల్చాం. తూము ఎవరు శుభ్రం చేయాలన్న దగ్గర మళ్ళీ పెద్ద గొడవైంది, చివరికి నెలకొకరని ఒప్పుకున్నాం. ఒక్కొక్కరూ తమ బిందె పక్కన నిలబడి పెట్టెలో మాట చెప్పారు. "అట్లే కానీ" అన్నవాళ్ళను వదల్లేదు. అయితే ఎప్పుడు, ఎంత, ఎందుకని నిలదీసి మళ్ళీ చెప్పించాం.

ఈలోగా నీళ్ళు ఆగిపోయాయి. సగం బిందెలు ఖాళీ. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా వరుస బాగుపడింది మాత్రం అందరి నోళ్ళూ చెడ్డవైన రోజునే.

కృత్తిక కార్తె, చివరి గురువారం

కుమ్మరిపురుగు సందులో పని చేస్తోంది. తూము పడింది, ముందుగోడ లేచింది, మిద్దె కూడా పడింది. వెనకగోడ ఇంకా మూరెడు ఉండగానే జిగురు అయిపోయింది.

జిల్లాకు కబురు పెడితే, వరుస నిర్ణయం వరుసదే అన్నారు. కావాలనుకున్న అధికారం ఇదే మరి. మద్దిలేటి పాత పద్ధతిలో మట్టిలో గడ్డీ సున్నమూ కలిపి తొక్కాడు. సత్తిబాబు ముద్దలు అందించాడు. నాగలింగప్ప వాచిన వేలితోనే నిచ్చెన పట్టుకున్నాడు. యంత్రం వేసిన గోడ మీద చేత్తో వేసిన గోడ వంకరగా ఉంది. వంకరగా ఉన్నా నీడ నీడే.

వాకిళ్ళలో పునాదుల్ని ఎవరూ ఇప్పుడు తిట్టడం లేదు. యోచన ఎన్నడూ అరుగులు కట్టనివ్వలేదు. సాయంత్రమైతే అందరూ వాటి మీద కూర్చుని పప్పులు ఏరుకుంటున్నారు, వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. తప్పు చేసి అరుగులు సంపాదించిన వరుస మాదొక్కటే అయ్యుంటుంది.

రాత్రికి గోడ ఆరాలి. రేపే రోహిణి.

రోహిణి కార్తె, మొదటి రోజు

పొద్దున్నే వీరవేణి, సత్తిబాబు కొత్త ఇంట్లోకి వచ్చారు. పాలు పొంగించారు. ఎండ ఎక్కేసరికి అందరమూ తలుపులు బిగించుకున్నాం. ఇక పొద్దు వాలేదాకా గడప దాటకూడదు.

ఇదివరకు రోహిణిలో ఎవరింట్లో ఎలా ఉన్నారో యోచన కనిపెట్టి చెప్పేది. ఇప్పుడది లేదు కాబట్టి మేమొక పద్ధతి పెట్టుకున్నాం. నడిమధ్యాహ్నం ఆ చివరింటి వాళ్ళు పక్కింటి గోడ మీద కొట్టాలి. అక్కడి వాళ్ళు క్షేమంగా ఉంటే తర్వాతి గోడ మీద కొట్టాలి. అలా ఈ చివరకు రావాలి. సందు ఉన్నప్పుడైతే ఇది కుదిరేదే కాదు, చప్పుడు నాగలింగప్ప దగ్గరే ఆగిపోయేది.

నేను వీరవేణి వైపు గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. బయట ఎండ చప్పుడు కూడా లేకుండా మండుతోంది. దూరంగా, చాలా మెత్తగా, నాగలింగప్ప కొట్టడం వినిపించింది. అంటే తర్వాతి వంతు వీరవేణిదే.

నా గోడ మీద ఏమీ రాలేదు.

ఆగాను. నాగలింగప్ప మళ్ళీ కొట్టాడు, ఈసారి గట్టిగా. నా గోడ మీద ఏమీ లేదు. చేత్తో వేసిన ఆ మూరెడు గోడే నా కళ్ళలో మెదిలింది. పచ్చిగా ఉండి కూలిందా, సందుల్లోంచి వేడి దిగిందా, లోపల ఊపిరాడుతోందా! రోకలి తీసుకుని గోడ మీద దబదబా బాదాను. "వీరవేణీ! పలుకు తల్లీ! వీరవేణీ!" అని నాకొచ్చిన దేవుళ్ళందరినీ పిలుస్తూ అరిచాను.

చాలాసేపటికి అటువైపు ఏదో కదిలింది.

"ఏంటండీ ఆ బాదుడు? నిద్రపోతున్నామండీ! చల్లగా ఉందని ఇప్పుడే కన్నంటుకుంది. మనిషిని కాసేపు పడుకోనివ్వరా?"

రోకలి చేతిలోంచి జారి నా కాలి మీదే పడింది. నొప్పి తెలియలేదు. నేల మీద కూర్చుండిపోయి, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా కొంగుతో మొహం తుడుచుకున్నాను.

"పడుకో తల్లీ, పడుకో. ఇంగ కొట్టను," అన్నాను.

తర్వాత లేచి, కుంటుకుంటూ వెళ్ళి మద్దిలేటి వైపు గోడ మీద కొట్టాను. అవతలి నుంచి వెంటనే బదులొచ్చింది.